44 రోజులు, ఒకే గెలుపు, మూడు శాతాలు: ఫుట్‌బాల్ కోచ్ వికీపీడియా పేజీలో తప్పులు ఎక్కడ దాక్కుంటాయి

బ్రయన్ క్లఫ్ 1974లో లీడ్స్ యునైటెడ్ క్లబ్బుకి మేనేజర్‌గా (ఇంగ్లండ్‌లో హెడ్ కోచ్‌ని ఇలాగే అంటారు) ఉన్నది 44 రోజులు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ కాస్త తెలిసినవాళ్లను నిద్రలో లేపి అడిగినా ఈ అంకె చెప్పేస్తారు. సరే, ఆ 44 రోజుల్లో ఆయన గెలుపు శాతం ఎంత అని అడిగి చూడండి. తిరకాసు అక్కడ మొదలవుతుంది.

క్లఫ్ ఉండగా లీడ్స్ లీగ్‌లో ఆడింది ఆరు మ్యాచ్‌లు. ఒకటి గెలిచింది, రెండు డ్రా, మూడు ఓడింది. ఆరింట ఒకటి అంటే 16.7 శాతం. అయితే ఆయన్ని తీసేయడానికి రెండు రోజుల ముందు లీగ్ కప్ అనే వేరే పోటీలో హడర్స్‌ఫీల్డ్ టౌన్‌తో 1-1 డ్రా ఒకటుంది. అదీ కలిపితే ఏడింట ఒకటి, 14.3 శాతం. సీజన్ మొదట్లో, ఆగస్టు 10న, వెంబ్లీలో లివర్‌పూల్‌తో ఛారిటీ షీల్డ్ ఆడారు, లీగ్ విజేతకీ ఎఫ్ఏ కప్ విజేతకీ మధ్య జరిగే ఒకే ఒక్క మ్యాచ్ అది. అదీ 1-1. దాన్నీ చేరిస్తే ఎనిమిదింట ఒకటి, 12.5 శాతం. ఇంతటితో అయిపోలేదు. ఆ ఛారిటీ షీల్డ్ పెనాల్టీల దాకా వెళ్లింది, లీడ్స్ 6-5తో కప్పు పోగొట్టుకుంది. మరి దాన్ని డ్రా గడిలో వేయాలా, ఓటమి గడిలో వేయాలా?

ఈ మూడు శాతాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఏయే మ్యాచ్‌లు లెక్కలోకి తీసుకున్నామో చెప్పకుండా వాటిలో ఏదో ఒకదాన్ని పట్టికలో పడేస్తే మాత్రం అది చదివేవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. వికీపీడియాలో ఫుట్‌బాల్ కోచ్‌ల పేజీలు సరిచేద్దామని కొత్తగా వచ్చేవాళ్లు ఎక్కువగా అబద్ధాల కోసం, కొంటెరాతల కోసం వెతుకుతారు. అవి ఉంటాయి, కాదనను. కానీ అవి తొందరగానే దొరికిపోతాయి. కోచ్ పేరు పక్కన బూతు రాస్తే ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు తీసేస్తారు. ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోయేవి వేరే రకం. నిజమైన అంకెలే, ఒక్కొక్కటీ ఒక్కో కొలతతో కొలిచినవి, ఒకే పట్టికలో పక్కపక్కన కూర్చుని ఉంటాయి.

పెనాల్టీల గొడవ

ముందు ఆ పెనాల్టీల సంగతి తేల్చేద్దాం. ఆట నియమాల ప్రకారం పెనాల్టీ షూటౌట్ మ్యాచ్‌లో భాగం కాదు. ఎవరు ముందుకెళ్లాలో, కప్పు ఎవరికివ్వాలో తేల్చుకునే పద్ధతి మాత్రమే. అందుకని రికార్డుల్లో ఆ మ్యాచ్ డ్రాగానే ఉంటుంది. దీని ఫలితాలు కొన్నిసార్లు వింతగా ఉంటాయి. 2005లో ఇస్తాంబుల్‌లో లివర్‌పూల్ హాఫ్‌టైమ్‌కి ఏసీ మిలాన్ చేతిలో 0-3తో వెనకబడి, 3-3 చేసి, పెనాల్టీల్లో ఛాంపియన్స్ లీగ్ ఎత్తుకుపోయింది. కోచ్ రఫాయెల్ బెనీటెజ్ జీవితంలోనే పెద్ద రాత్రి అది. అయినా ఆయన గెలుపుల లెక్కలో ఆ రాత్రికి చోటు లేదు. డ్రాల్లో ఒకటి పెరుగుతుంది, ట్రోఫీల్లో ఒకటి పెరుగుతుంది. ఏ అభిమానికైనా ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. అందుకే ఎవరో ఒకరు వచ్చి డ్రాల నుంచి ఒకటి తీసి గెలుపుల్లో వేసి పోతుంటారు. మొత్తం మ్యాచ్‌ల సంఖ్య మారదు కాబట్టి కూడిక చూసినా తప్పు బయటపడదు. ఇలాంటిది పట్టుకోవాలంటే కోచ్ ఆడించిన నాకౌట్ మ్యాచ్‌లను ఒక్కొక్కటిగా వెతకాల్సిందే.

ఎక్‌స్ట్రా టైమ్ అలా కాదు. 120 నిమిషాల్లో వచ్చిన గెలుపు గెలుపే. ఈ రెండింటినీ కలిపేసి "90 నిమిషాలకు డ్రా కాబట్టి డ్రానే" అని వాదించేవాళ్లూ తగులుతారు.

కూడి చూడండి

పట్టిక సరిగ్గా ఉందో లేదో చూడటానికి నేను మొదట చేసే పని చిన్నపిల్లల లెక్క. గెలుపులు, డ్రాలు, ఓటములు కూడితే ఆడిన మ్యాచ్‌ల సంఖ్య రావాలి. అలెక్స్ ఫెర్గూసన్ మాంచెస్టర్ యునైటెడ్ లెక్క తీసుకోండి: 895 గెలుపులు, 338 డ్రాలు, 267 ఓటములు. కూడితే సరిగ్గా 1500. ఆయన ఆఖరి మ్యాచ్, 2013 మే 19న వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్‌తో 5-5గా ముగిసినది, ఆ 1500వ మ్యాచ్. ఇలా గుండుసున్నాతో ముగిసే లెక్క దొరకడం అదృష్టం, ఎవరు ఒక అంకె కదిపినా ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు పని చేస్తున్న కోచ్‌ల పేజీలతోనే అసలు తలనొప్పి. వారానికి ఒకటో రెండో మ్యాచ్‌లు. మ్యాచ్ అవ్వగానే ఎవరో గెలుపుల్లో ఒకటి పెంచుతారు, కింద ఉన్న "ఫలానా తేదీ నాటికి" అన్నది మాత్రం మార్చరు. అరగంట తర్వాత ఇంకొకరు వచ్చి, తేదీ పాతదే ఉంది కదా, ఇంకా ఎవరూ మార్చలేదు కాబోలనుకుని మళ్లీ ఒకటి పెంచుతారు. ఇద్దరిదీ మంచి ఉద్దేశమే. ఒక్క గెలుపు రెండైంది. అందుకే అంకె మారిస్తే తేదీ కూడా అదే దిద్దుబాటులో మారాలి. ఆ తేదీ లేని అంకెకు విలువ లేదని నా అభిప్రాయం. ఈ విషయంలో నేను కొంచెం మొండివాణ్ని.

ఇంకో పాత జబ్బు కోచ్ ఆటగాడిగా ఉన్న రోజులది. ఇంగ్లిష్ వికీపీడియాలో పేజీ కుడివైపు ఉండే సమాచారపెట్టెలో క్లబ్బు మ్యాచ్‌లు, గోల్స్ అంటే ఆ దేశపు లీగ్‌లో ఆడినవి మాత్రమే. కప్పు మ్యాచ్‌లు, యూరప్ మ్యాచ్‌లు అందులోకి రావు. ఆ మాట పెట్టె అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. క్లబ్బు వెబ్‌సైట్‌లో "మొత్తం 312 మ్యాచ్‌లు" అని చూసి పెట్టెలో ఉన్న 241ని కొట్టేసి 312 వేసేస్తారు. (ఈ రెండు అంకెలూ ఉదాహరణకి చెప్పినవే.) వాళ్ల దగ్గర ఆధారం కూడా ఉంది, అదే ఇబ్బంది. ఆధారం నిజమైనదే, అంకె నిజమైనదే, పెట్టిన గడి మాత్రం వేరు.

ఎప్పుడు చేరారు, ఎప్పుడు పోయారు

ఫెర్గూసన్ రిటైర్ అవుతున్నానని 2013 మే 8న ప్రకటించారు. మర్నాడు ఆయన స్థానంలో డేవిడ్ మోయెస్ పేరు ప్రకటించారు. ఫెర్గూసన్ మే 19న ఆఖరి మ్యాచ్ ఆడించారు. మోయెస్ కాంట్రాక్ట్ జులై 1 నుంచి. అంటే మోయెస్ మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ అయింది మే 9నా, జులై 1నా? ప్రకటించిన రోజును నియామకం అని, కాంట్రాక్ట్ మొదలైన రోజును బాధ్యతలు తీసుకోవడం అని విడివిడిగా రాస్తే గొడవే లేదు. పట్టికలో ఒకటే గడి ఉంటుంది కాబట్టి అక్కడ ఏ తేదీ వాడుతున్నారో పేజీ మొత్తం ఒకే తీరుగా ఉండాలి. ఒక క్లబ్బుకి ప్రకటన తేదీ, ఇంకో క్లబ్బుకి కాంట్రాక్ట్ తేదీ వేస్తే రెండు నెలల కాలం గాల్లో పుడుతుంది, లేదా గాల్లో కలిసిపోతుంది.

క్లఫ్ 44 రోజులకీ ఇదే వర్తిస్తుంది. ఆయన్ని తీసేసింది సెప్టెంబర్ 12న. అక్కడి నుంచి వెనక్కి 44 రోజులు వెళితే జులై 30 వస్తుంది. మొదటి రోజును, చివరి రోజును కూడా లెక్కలో వేసుకుంటే జులై 31. ఒక్క రోజు తేడా కోసం కొట్టుకునేవాళ్లను చూసి నవ్వొస్తుంది గానీ, "44" అన్న అంకెకే అంత పేరొచ్చాక దాని పక్కనున్న తేదీలు కూడా దానికి సరిపోవాలి కదా.

మోయెస్‌ని 2014 ఏప్రిల్ 22న తీసేశాక సీజన్‌లో మిగిలిన నాలుగు మ్యాచ్‌లకు ర్యాన్ గిగ్స్ తాత్కాలిక మేనేజర్‌గా ఉన్నారు. రెండు గెలుపులు, ఒక డ్రా, ఒక ఓటమి. శాతం 50. ఆ 50ని ఫెర్గూసన్ 59.67 పక్కన పెట్టి పోల్చే పట్టికలు చాలా ఉంటాయి. నాలుగు మ్యాచ్‌ల 50, పదిహేను వందల మ్యాచ్‌ల 59.67, వీటిని పక్కపక్కన పెట్టి ఏం చెప్పదలచుకున్నారో నాకు అర్థం కాదు. కనీసం "తాత్కాలికం" అన్న మాట ఉంటే చదివేవాళ్లకు కాస్త ఆలోచన వస్తుంది.

తేదీలు ఒకదాని మీద ఒకటి పడితే తప్పనుకోవడం ఇంకో పొరపాటు. ఇది నేను చేసి చీవాట్లు తిన్నదే. ఒక కోచ్ పేజీలో క్లబ్బు, దేశం తేదీలు కలిసిపోయి ఉన్నాయని, ఎవరో తప్పు రాశారనుకుని క్లబ్బు కాలాన్ని కుదించేశాను. గంటలో వెనక్కి తిప్పేశారు. కారణం సులువు: ఆయన నిజంగానే రెండు పనులూ ఒకేసారి చేశారు. ఫుట్‌బాల్‌లో ఇది మామూలే. 1985 సెప్టెంబర్‌లో కార్డిఫ్‌లో మ్యాచ్ ముగిసే వేళ స్కాట్లండ్ మేనేజర్ జాక్ స్టీన్ కుప్పకూలి చనిపోయాక, అబర్డీన్ క్లబ్బుకి మేనేజర్‌గా ఉంటూనే ఫెర్గూసన్ స్కాట్లండ్‌ని 1986 ప్రపంచ కప్‌కి తీసుకెళ్లారు. గూస్ హిడింక్ 2009లో రష్యా జాతీయ జట్టు కోచ్‌గా ఉంటూనే చెల్సీని కొన్ని నెలలు నడిపారు. సాఫ్ట్‌వేర్ కళ్లతో చూస్తే ఇవి తప్పులు, ఫుట్‌బాల్ కళ్లతో చూస్తే చరిత్ర.

కోచ్ అంటే ఎవరు

ఇంగ్లండ్ జాతీయ జట్టు మొదటి మేనేజర్ వాల్టర్ వింటర్‌బాటమ్. 1946 నుంచి 1962 దాకా, 139 మ్యాచ్‌లు: 78 గెలుపులు, 33 డ్రాలు, 28 ఓటములు. కూడిక సరిపోయింది, తేదీలు సరిపోయాయి. కానీ "వింటర్‌బాటమ్ ఎంపిక చేసిన జట్టు" అని ఒక్క వాక్యం రాశారంటే పేజీలో తప్పు చేరినట్టే. ఆ రోజుల్లో జట్టును ఎంచుకునేది సెలెక్షన్ కమిటీ. ఎవరు ఆడాలో పూర్తిగా తన చేతిలో ఉండాలని పట్టుబట్టి తెచ్చుకున్నది ఆయన తర్వాత వచ్చిన ఆల్ఫ్ రామ్సే. ఇద్దరి పేర్ల పక్కనా "మేనేజర్" అనే ఉంటుంది, చేసిన ఉద్యోగాలు మాత్రం వేర్వేరు. పట్టిక ఈ తేడా చెప్పలేదు, వాక్యమే చెప్పాలి.

అసిస్టెంట్ల విషయంలో ఇది ఇంకా సున్నితం. జోసే మౌరినో 1990ల్లో బాబీ రాబ్సన్ వెంట స్పోర్టింగ్, పోర్టో, బార్సిలోనాల్లో పని చేశారు. మొదట దుబాసీగా వచ్చి తర్వాత అసిస్టెంట్ అయ్యారు. ఎగతాళి చేయాలనుకునేవాళ్లు "దుబాసీ" దగ్గర ఆగిపోతారు. పొగడాలనుకునేవాళ్లు రాబ్సన్ గెలిచిన కప్పులను కూడా మౌరినో ఖాతాలో వేస్తారు. అసిస్టెంట్‌గా ఉన్నప్పుడు వచ్చిన ట్రోఫీని హెడ్ కోచ్ ట్రోఫీల జాబితాలో కలపకూడదు. కావాలంటే విడిగా శీర్షిక పెట్టి రాయొచ్చు. సీజన్ మధ్యలో కోచ్ మారితే ఏం చేయాలి? చెల్సీ 2012 మార్చిలో ఆంద్రే విలాస్-బోయాస్‌ను తీసేసి రొబెర్టో డి మాటెయోకి తాత్కాలికంగా జట్టు అప్పగించింది. ఆ మే నెలలోనే ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. గ్రూప్ దశ దాటించింది విలాస్-బోయాసే అయినా ట్రోఫీ డి మాటెయో పేరు మీదే ఉంటుంది.

రాబ్సన్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1980ల్లో ఇంగ్లండ్ మేనేజర్ బాబీ రాబ్సన్, అదే జట్టు కెప్టెన్ బ్రయన్ రాబ్సన్. ఆ బ్రయన్ కూడా తర్వాత మేనేజర్ అయ్యారు. పాత పేపర్లో "రాబ్సన్ అన్నారు" అని కనిపిస్తే ఏ రాబ్సనో చూసుకోకుండా ఎత్తి రాసేయకండి. 2016 నుంచి 2022 దాకా బ్రెజిల్ కోచ్‌గా ఉన్న టీటే అసలు పేరు అడెనోర్ లియోనార్డో బాకీ. ఈ పేరుతో ఒక పేజీ, ఆ పేరుతో ఇంకో పేజీ పుట్టే ప్రమాదం ఇలాంటి చోట్లే.

ఒక్క మాట తగ్గితే

అంకెల తర్వాత ఎక్కువ తప్పులు విశేషణాల్లో ఉంటాయి. 2003-04లో ఆర్సెన్ వెంగర్ ఆర్సెనల్ "సీజన్ మొత్తం ఓడలేదు" అని ఎక్కడ చూసినా ఉంటుంది. లీగ్‌లో ఓడలేదు. 38 మ్యాచ్‌లు, 26 గెలుపులు, 12 డ్రాలు. కానీ అదే సీజన్‌లో ఎఫ్ఏ కప్ సెమీఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో, ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్లో చెల్సీ చేతిలో ఓడింది. "లీగ్‌లో" అన్న ఒక్క మాట తగిలిస్తే వాక్యం నిజం, తీసేస్తే అబద్ధం. అదే వెంగర్‌ను "ఇంగ్లిష్ లీగ్ గెలిచిన మొదటి విదేశీ మేనేజర్" అంటారు, 1998లో. మరి అంతకుముందు గెలిచిన మాట్ బస్బీ, కెన్నీ డాల్గ్లిష్ స్కాట్లండ్ వాళ్లు కదా? వాళ్లని విదేశీయులు అనరు, అందుకే "బ్రిటన్, ఐర్లండ్‌ల బయటి నుంచి వచ్చిన" అని చేర్చాలి. "మొదటి", "ఏకైక", "అత్యధిక" అన్న మాట కనిపించినప్పుడల్లా నేను ఆగి, ఎవరిలో మొదటి, ఎప్పటి నుంచి లెక్క అని అడుగుతాను. సగం సార్లు జవాబు ఉండదు.

ఉద్యోగం పోయిన తీరు రాయడం కూడా ఇలాంటిదే. 2015 డిసెంబర్ 17న చెల్సీ ప్రకటన ప్రకారం మౌరినో, క్లబ్బు పరస్పర అంగీకారంతో విడిపోయారు. పేపర్లన్నీ ఉద్వాసన అనే రాశాయి. మనకు ఏది నిజమనిపిస్తే అది రాయడం వికీపీడియా పని కాదు. "పరస్పర అంగీకారంతో అని క్లబ్బు ప్రకటించింది, ఉద్వాసనగా పత్రికలు రాశాయి" అని ఎవరి మాట వాళ్ల పేరు మీద పెడితే సరిపోతుంది. అభిమానులు ఒక మాట కొట్టేసి ఇంకో మాట పెట్టుకుంటూ పోయే యుద్ధానికి మందు ఇదొక్కటే.

ఇక కోచ్‌లు అన్నారని చెప్పుకునే మాటలు. బేలా గుట్‌మాన్ 1961, 1962ల్లో పోర్చుగల్ క్లబ్బు బెన్ఫికాకు కోచ్‌గా వరుసగా రెండు యూరోపియన్ కప్‌లు తెచ్చిపెట్టి, జీతం దగ్గర తేడా వచ్చి వెళ్లిపోయారు. పోతూ పోతూ, ఇంకో వందేళ్ల దాకా బెన్ఫికా యూరప్ ఛాంపియన్ కాదని శపించారని కథ. ఆ తర్వాత బెన్ఫికా యూరప్ స్థాయిలో ఎనిమిది ఫైనల్స్ పోగొట్టుకుంది. కథ ఎంత బావుందంటే, ఆ మాట ఎవరి ముందు అన్నారు, అప్పుడే ఎవరు అచ్చేశారు అని అడగాలనే అనిపించదు. కానీ జీవితచరిత్ర రాసేవాళ్లు అడగాలి. 1962 నాటి ఆధారం చూపలేకపోతే "శపించారు" అని కాదు, "శపించారని చెబుతారు" అని రాయాలి. అన్నట్టు, ఆ ఎనిమిది ఫైనల్స్‌లో రెండు, 1988లో పీఎస్‌వీతో, 2014లో సెవియ్యాతో, 0-0గా ముగిసి పెనాల్టీల్లో పోయాయి. రికార్డుల లెక్కలో అవి డ్రాలు. శాపానికి ఆట నియమాలు తెలియవనుకోవాలి.

పాము తన తోకను మింగితే

ఆధారం ఉంటే చాలనుకుంటారు. ఆధారానికి ఆధారం ఏదో కూడా చూడాలి. 2008 సెప్టెంబర్‌లో ఎవరో సైప్రస్ క్లబ్బు ఒమోనియా నికోసియా పేజీలో, దాని అభిమానులు పాత చెప్పులతో చేసిన టోపీలు పెట్టుకుంటారని సరదాకి రాశారు. మాంచెస్టర్ సిటీతో మ్యాచ్ ముందు బ్రిటన్‌లో ఒక పెద్ద పేపరు ఆ ముక్కను యథాతథంగా అచ్చేసింది. 2009 జనవరిలో మసాల్ బుగ్డువ్ అనే మోల్డోవా కుర్రాడు లండన్ పత్రిక ఒకటి వేసిన వర్ధమాన ఆటగాళ్ల జాబితాలో 30వ స్థానంలో కనిపించాడు. అలాంటి ఆటగాడే లేడు. నెట్‌లో ఎవరో సృష్టించిన మనిషి.

ఒక కోచ్ విషయంలో ఇది ఎలా జరుగుతుందో ఊహించుకోవడం కష్టం కాదు. ఆధారం లేకుండా ఎవరో పుట్టిన ఊరు రాస్తారు. మూడు నెలలకు ఆయన కొత్త క్లబ్బులో చేరతారు, విలేఖరి తొందరలో వికీపీడియా చూసి ఆ ఊరి పేరు వార్తలో రాస్తారు. తర్వాత ఇంకొకరు ఆ వార్తనే ఆధారంగా తెచ్చి పేజీలో తగిలిస్తారు. ఇప్పుడు తప్పుకి పత్రిక ముద్ర కూడా పడింది. దీన్ని విప్పడానికి ఒకటే దారి, తేదీలు. పేజీ చరిత్ర (చేసిన మార్పులన్నీ తేదీలతో ఉండే జాబితా) తెరిచి ఆ ముక్క ఏ రోజు మొదటిసారి చేరిందో చూడాలి. ఆధారం అంతకన్నా తర్వాతిదైతే దాన్ని నమ్మడానికి లేదు. పేజీలో ఆ ముక్క పడకముందు అచ్చయిన పేపరో, పుస్తకమో, మ్యాచ్ ప్రోగ్రామో దొరకాలి.

గణాంకాల వెబ్‌సైట్లలోనూ తేడా ఉంది. ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ చూడ్డానికి ఎంత వివరంగా ఉన్నా, అందులో చాలా డేటా చేర్చేది దాని వాడుకరులే. అందుకే ఇంగ్లిష్ వికీపీడియా సంపాదకులు దాన్ని నమ్మదగిన ఆధారంగా తీసుకోరు. వెతుకులాటకి దారి చూపించడానికి బాగానే పనికొస్తుంది, పేజీలో ఆధారంగా పెట్టడానికి పనికిరాదు.

కోచ్ స్వయంగా వచ్చి చెబితే?

"నా పుట్టిన తేదీ నాకు తెలీదా?" అని కోచ్ అడిగితే ఏం చెప్పాలి? తెలుసు. అయినా వికీపీడియాకి కావలసింది చదివేవాళ్లు తమంతట తాము సరిచూసుకోగల ఆధారం. వ్యక్తిగతంగా తెలియడం ఆధారం కాదు, అది తల్లి చెప్పినా సరే. ఇది వినడానికి తలపొగరులా ఉంటుందని నాకూ తెలుసు. కానీ ఆ కోచ్ పేరుతో వచ్చింది కోచేనని తెరవెనక ఉన్న మనకెలా తెలుస్తుంది?

మరోపక్క బతికున్నవాళ్ల పేజీలకు రక్షణ కూడా గట్టిదే. 2005లో అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెంథాలర్ పేజీలో ఆయనకు కెనడీల హత్యలతో సంబంధం ఉందని ఎవరో రాసిన అబద్ధం నాలుగు నెలలు అలాగే ఉండిపోయింది. ఆ గొడవ తర్వాత బతికున్నవాళ్ల జీవితచరిత్రలకు ప్రత్యేక విధానం వచ్చింది. ఆధారం లేని వివాదాస్పద విషయం కనిపిస్తే చర్చ కోసం ఆగకుండా తీసేయొచ్చు. "ఆధారం చూపాలి" అన్న చీటీ అతికించి వదిలేయడం చాలదు. తెచ్చినవాళ్లే ఆధారం చూపాలి, తీసేసినవాళ్లు కాదు. కోర్టు కాగితాలు, ప్రభుత్వ రికార్డులు తవ్వి మనిషి సొంత విషయాలు రాయడం కూడా కుదరదు. పూర్తి పుట్టిన తేదీ పేరున్న పత్రికల్లో విరివిగా వచ్చి ఉంటేనో, ఆ మనిషికి అభ్యంతరం లేదని తెలిసేలా తనకు సంబంధించిన చోట వచ్చి ఉంటేనో పెట్టాలి, లేకపోతే సంవత్సరం చాలు.

కాబట్టి కోచ్, ఆయన ఏజెంట్, క్లబ్బు ఉద్యోగి, ఎవరైనా సరే, పేజీని నేరుగా దిద్దకుండా తామెవరో చెప్పుకుని, ప్రతి పేజీకీ జతగా ఉండే చర్చా పేజీలో అడగడం మంచిది. డబ్బు తీసుకుని దిద్దేవాళ్లు ఆ విషయం బయటపెట్టి తీరాలని 2014 నుంచి వికీపీడియాని నడిపే వికీమీడియా సంస్థ వాడుక నిబంధనల్లోనే ఉంది. క్లబ్బు వెబ్‌సైట్‌లో సరైన తేదీతో కోచ్ పరిచయం వేయించడం చాలాసార్లు అన్నిటికన్నా దగ్గర దారి. పుట్టిన తేదీ లాంటి మామూలు వివరాలకు అది ఆధారంగా సరిపోతుంది.

ఒక భాషలో సరిచేస్తే అన్ని భాషల్లో సరైపోతుందనుకోకండి. ప్రతి భాషా వికీపీడియా వేరే ఇల్లు. 2012లో మొదలైన వికీడేటా అనే ఉమ్మడి సమాచార నిల్వ నుంచి కొన్ని వివరాలు చాలా భాషల పెట్టెల్లోకి వాటంతటవే వస్తాయి, కాబట్టి అక్కడ కూడా ఒకసారి తొంగి చూడాలి. పేజీలో తప్పే లేకపోయినా పెట్టెలో తప్పు తేదీ కనిపిస్తోందంటే అది అక్కడి నుంచి వస్తుండొచ్చు.

వెనక్కి తిప్పేస్తే

మీ దిద్దుబాటును ఎవరో వెనక్కి తిప్పేశారు. మీరు మళ్లీ పెట్టారు, వాళ్లు మళ్లీ తీశారు. 24 గంటల్లో మూడుసార్లకు మించి ఇలా చేస్తే మీ వాదన సరైనదే అయినా మిమ్మల్ని దిద్దకుండా నిరోధించే అవకాశం ఉంది. మొదటిసారి తిప్పినప్పుడే చర్చా పేజీకి వెళ్లడం తెలివైన పని. అక్కడ రాసే తీరు మీదే చాలా ఆధారపడి ఉంటుంది. "ఈ పేజీ అంతా తప్పుల తడక, ఎవరూ పట్టించుకోరా" అని రాస్తే నిజంగానే ఎవరూ పట్టించుకోరు. ఏ గడి, ఇప్పుడు ఏముంది, ఏం ఉండాలి, ఎందుకు, ఆధారం ఏ తేదీది: ఇంతే కావాలి.

క్లఫ్ పేజీలో లీడ్స్ వరుసలో ఆడినవి 8 అని, శాతం 16.7 అని ఉందనుకోండి. నేనైతే ఇలా రాస్తాను:

"లీడ్స్ యునైటెడ్ వరుసలో మ్యాచ్‌ల సంఖ్య 8, గెలుపు 1, శాతం 16.7 అని ఉన్నాయి. 16.7 అన్నది ఆరు లీగ్ మ్యాచ్‌లకు వచ్చే శాతం. 8 అన్నది లీగ్ కప్, ఛారిటీ షీల్డ్ కలిపిన లెక్క. పట్టిక శీర్షికలో అన్ని పోటీ మ్యాచ్‌లూ అని ఉంది కాబట్టి శాతాన్ని 12.5 చేయాలని ప్రతిపాదిస్తున్నాను. ఛారిటీ షీల్డ్ 1-1గా ముగిసి పెనాల్టీల్లో పోయింది, కాబట్టి డ్రాగానే ఉంచాలి: గెలుపు 1, డ్రాలు 4, ఓటములు 3. ఛారిటీ షీల్డ్‌ను కలపకూడదని ఎవరికైనా అభ్యంతరం ఉంటే 7 మ్యాచ్‌లు, డ్రాలు 3, శాతం 14.3 చేద్దాం. ఏది చేసినా పట్టిక కింద ఆ ముక్క రాద్దాం. మ్యాచ్ రిపోర్టులున్న ఆనాటి పేపర్ల తేదీలు కింద ఇస్తున్నాను. వారం రోజులు చూసి, ఎవరూ కాదనకపోతే మారుస్తాను."

వారం లోపు ఎవరో ఒకరు వచ్చి, ఛారిటీ షీల్డ్‌ను అసలు పోటీ మ్యాచ్ అనొచ్చా అని మొదలుపెడతారు. పెట్టనివ్వండి.